హ్యారీ, మేఘన్: నిష్క్రమణపై ఒక మాట, దుఃఖంపై మరో మాట

2020 జనవరి 8న బ్రిటన్ యువరాజు హ్యారీ, మేఘన్ దంపతులు రాచ విధుల నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించినప్పుడు, వారి నివాసమైన ఫ్రాగ్‌మోర్ కాటేజీ మరమ్మతులకైన 24 లక్షల పౌండ్ల ప్రజాధనం మాటేమిటని బ్రిటన్‌లో చాలామంది నిలదీశారు. అది బాధ్యతకు సంబంధించిన తగవు కనుక అడగడం సబబే.

అదే ఏడాది నవంబరు 25న మేఘన్ న్యూయార్క్ టైమ్స్‌లో తన గర్భస్రావం గురించి రాసినది వేరు. పసివాడి డైపర్ మార్చాక నొప్పి మెలిపెట్టడం, బిడ్డను ఎత్తుకుని ఉండగానే నేలకు ఒరిగి జోలపాట కూనిరాగం తీయడం చదివిన ఎందరో స్త్రీలు తమ కడుపుకోతను తలచుకున్నారు. గోప్యత కోరి వెళ్లినవారు ఇంటి గుట్టు చెప్పడమేమిటని ఎత్తిపొడిచినవారూ ఉన్నారు. ఏది ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కే గోప్యత కనుక ఆ ఎత్తిపొడుపు నాకు రుచించదు. 2018లో అప్పటి రాణి ఎలిజబెత్ మనవరాలు జారా టిండాల్ తన రెండు గర్భస్రావాల గురించి చెప్పినప్పుడు ఇంత దుమారం రేగలేదు.