ఇరవై ఏళ్ల డీటీపీ సాఫ్ట్‌వేర్: అక్షరాలకు నాలుగు స్టార్లు, లాక్‌కు సున్నా

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలే ఎక్కువ. 2004లో తొమ్మిది వేలు పోసి ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. కంపెనీ పేరు ఇప్పుడెందుకు లెండి.

అక్షరాలు మాత్రం ముత్యాలే. 'లక్ష్మి' అని ఎంత పెద్ద సైజులో కొట్టినా వత్తు పక్క అక్షరం మీద పడదు. తిప్పలన్నీ లాక్‌తోనే.

దొంగ కాపీలు వాడకుండా సీడీతో పాటు అగ్గిపెట్టెంత లాక్ ఇచ్చారు; అది లేకపోతే సాఫ్ట్‌వేర్ పని చేయదు. దాన్ని సీపీయూ వెనక ప్రింటర్ పోర్టుకు బిగించి, దాని వెనక ప్రింటర్ కేబుల్ తగిలించాలి. సాఫ్ట్‌వేర్ తెరిచేటప్పుడే కాదు, పని మధ్యలో కూడా లాక్ ఉందా లేదా అని చూసుకుంటుంది. ఒకరోజు చంద్రగిరి పెద్దాయన పక్కన కూర్చుని ప్రూఫ్ చూస్తుండగా చీపురు తగిలి లాక్ కదిలింది. సేవ్ చేయని కార్డు గోవిందా! "ఏమప్పా, మా వియ్యంకుడి పేరు యాడికి పాయె?" అన్నాడాయన.

2012లో కొన్న సిస్టమ్‌కు ప్రింటర్ పోర్టే లేదు. పాత లాక్ వెనక్కిచ్చి, ఇంకో మూడు వేలు కట్టి యూఎస్‌బీ లాక్ తెచ్చుకున్నాను. 2019లో 64 బిట్ విండోస్ 10 వేస్తే, లాక్‌ను విండోస్ గుర్తుపట్టడానికి కావాల్సిన 32 బిట్ కాలం నాటి డ్రైవర్ ప్రోగ్రాం దాంట్లో ఎక్కలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నంబరే వాడుకలో లేదు. లాక్ అడగకుండా మార్చిన దొంగ కాపీ (క్రాక్) వాడే పక్క షాపు కుర్రాడికి లాక్ గొడవే లేదు. డబ్బు పెట్టి కొన్న నాకే ఈ టెన్షన్!

పాత ఫైళ్ల సంగతి ఇంకా ఘోరం. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే పద్ధతివి కావు. వేరే సిస్టమ్‌లో తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' కాస్తా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు అయిపోతుంది. పదిహేనేళ్ల పని ఆ లాక్ వెనకే ఉండిపోయింది.

ఫోటోషాప్ చేసే అడోబీ కంపెనీ, తన పాత సీఎస్2 సాఫ్ట్‌వేర్లు కొన్నవేనా కావా అని నెట్‌లో సరిచూసే యాక్టివేషన్ సర్వర్లను 2012 డిసెంబరులో ఆపేసినప్పుడు, కొన్నవాళ్ల కోసం సర్వర్ అక్కర్లేని కాపీలు, సీరియల్ నంబర్లు పెట్టింది. మా తెలుగు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు షట్టర్ దించే ముందు ఆ పాటి పని చేసి ఉంటే సరిపోయేది.

కొత్త కార్డులన్నీ ఇప్పుడు యూనికోడ్‌లోనే చేస్తున్నా. పాతవాటి కోసం మూలన ఒక పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంచాను. 2014 నుంచి దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు కాబట్టి నెట్ తగిలించను. తీరిక దొరికినప్పుడల్లా నాలుగు ఫైళ్లు పీడీఎఫ్ చేసి పెట్టుకుంటున్నా. మొన్న దానికి కరెంటు అందించే డబ్బా (ఎస్‌ఎంపీఎస్) కాలిపోతే పాత సామాన్ల కొట్లో ఎనిమిది వందలకు ఒకటి దొరికింది. ఎందుకైనా మంచిదని రెండోది కూడా తెచ్చి బీరువాలో పెట్టాను.