బైబిల్ కాలేజీ హాస్టలా, శనివారం క్లాసా, పోస్టు పాఠాలా: ఏది మేలు?

ఇంటర్ పాసై "సేవకు వెళ్తా" అనే పిల్లవాడికీ, పదేళ్లుగా ఊళ్లో గృహకూటం నడుపుతూ "ఇప్పుడైనా వాక్యం పద్ధతిగా నేర్చుకోవాలి" అనుకునే నలభై ఏళ్ల మనిషికీ సంఘ పెద్దలు చెప్పేది ఒకటే: ఏదైనా బైబిల్ కాలేజీ చూసుకో. కానీ ఇద్దరి అవసరమూ ఒకటి కాదు. నల్లగొండ, పాలమూరు వైపు వాళ్లకు మూడు దారులున్నాయి. హాస్టల్లో ఉండి రెండు మూడేళ్లు చదివే చిన్న కాలేజీ ఒకటి, దగ్గరి పట్నంలో వారానికోరోజు కూర్చునే ఎక్స్‌టెన్షన్ క్లాసు ఒకటి, ఇంటికే పుస్తకాలొచ్చే పోస్టు పాఠాలు ఒకటి.

ఫీజు, సర్టిఫికెట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక వాక్యభాగం తీసుకుని, మూడు చోట్లా దాన్ని ఎలా నేర్పుతారో గమనిస్తే సగం విషయం తేలిపోతుంది. యిర్మీయా 29:11 తీసుకుందాం. మీ మేలు కోసమే నా ఆలోచనలు, మీకు మంచి భవిష్యత్తు ఇస్తాను అని దేవుడు చెప్పే మాట. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద, క్యాలెండర్ల మీద తరచూ కనిపించే వచనమే.

పోస్టు పాఠంలో దీనిమీద వచ్చే ప్రశ్న ఈ తీరున ఉంటుంది: "బబులోను చెర ఎన్ని సంవత్సరాలు? అ) 40 ఆ) 70 ఇ) 400." జవాబు పై పేరాలోనే ఉంటుంది. టిక్కు పెట్టి పంపితే మార్కులొస్తాయి. 70 అనే అంకె గుర్తుంటుంది, అంతవరకు లాభమే. అయితే అదే మనిషి ఆదివారం 11వ వచనం ఒక్కటే చదివి "ఈ ఏడాదిలోనే నీ అప్పులన్నీ తీరతాయి" అని చెబితే, అది తప్పని చెప్పే మనిషి పక్కన లేడు.

హాస్టల్ కాలేజీ బాగా నడిచేదైతే, విద్యార్థి చాపెల్‌లో, అంటే కాలేజీ ప్రార్థన కూటంలో, ఇరవై నిమిషాలు ప్రసంగించాలి. ముందురోజే ఒక పేజీ అవుట్‌లైన్ ఇవ్వాలి: వాక్యభాగం, దాని సారం ఒక్క వాక్యంలో, రెండు మూడు భాగాలు, చివర అన్వయం. దానిమీద అధ్యాపకుడు ఎర్ర ఇంకుతో రాసే మొదటి ప్రశ్న "ఇది ఎవరికి రాసిన ఉత్తరం?" పిల్లవాడు 29వ అధ్యాయం మొదటి వచనానికి వెళ్తాడు. యెరూషలేము నుంచి బబులోనుకు బందీలుగా చెరపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసింది. 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది, అంటే ఇప్పట్లో తిరిగి రావడం లేదని. 10వ వచనంలో 70 ఏళ్లని తేల్చేశాడు. ఒక పేజీ వెనక్కి తిప్పితే 28వ అధ్యాయంలో హనన్యా కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని చెప్పిన అబద్ధ ప్రవక్త. "నీది యిర్మీయా ప్రసంగం కాదు, హనన్యా ప్రసంగం" అని తోటివాళ్ల ముందు ఒకసారి అనిపించుకున్నవాడు, మళ్లీ ముందూ వెనకా చూడకుండా వచనం ఎత్తుకోడు.

ఎక్స్‌టెన్షన్ క్లాసులో ఇదే పాఠాన్ని వారమంతా ఇంట్లో వర్క్‌బుక్‌లో రాసుకుని, శనివారం రెండు గంటలు చర్చించి, మర్నాడే సొంత సంఘంలో చెబుతారు. పత్తి దెబ్బతిని అప్పులో ఉన్న విశ్వాసి "అయితే డెబ్బై ఏండ్లు ఆగాల్నా అయ్యగారూ?" అంటాడు. ఆ ప్రశ్న వచ్చే శనివారం క్లాసుకొస్తుంది. హాస్టల్ చాపెల్‌లో ఆ ప్రశ్న అడిగే రైతు ఉండడు. ఈ పద్ధతి పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. సంసారం, పొలం వదిలి రాలేని సేవకుల కోసం 1963లో గ్వాటెమాలలోని ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ మొదలుపెట్టింది. మన దేశంలో ఇదే పద్ధతిలో బెంగళూరు కేంద్రంగా పాఠాలు నడిపే టాఫ్టీ అనే సంస్థ 1971 నాటిది.

ఇక గంటల లెక్క. హాస్టల్లో రోజుకు 50 నిమిషాల పీరియడ్లు నాలుగు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 32 వారాలు అనుకుంటే 640 పీరియడ్లు, అంటే దాదాపు 533 గంటలు. ఎక్స్‌టెన్షన్‌లో ఇంటి చదువు వారానికి ఐదు గంటలు, క్లాసు రెండు గంటలు, 40 వారాలకు 280 గంటలు. హాస్టల్లో ఒక్క ఏడాది చదివేది ఇక్కడ దాదాపు రెండేళ్ల పని. "ఆరు నెలల్లో బి.టీహెచ్." (వేదాంతంలో డిగ్రీ) అనే కరపత్రం చేతికొస్తే ఈ లెక్క వేసి చూడండి. బైబిల్లో అధ్యాయాలే 1,189. ఊరికే ఒకసారి చదవడానికే రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున ఏడాది పడుతుంది.

ఎక్స్‌టెన్షన్ ఎక్కడ చెడుతుందో ముందే తెలుసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో నాట్లు, దసరా దాటాక పత్తి ఏరే రోజులు. ఆ వారాల్లో సగం కుర్చీలు ఖాళీ. తెలివైన నిర్వాహకులు ఆ నెలల్లో కొత్త పాఠం మొదలుపెట్టరు, నెలకొక్క క్లాసుతో సరిపెడతారు. రెండో జబ్బు కాపీ. వారానికి ఐదు పాఠాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా రాసి ఉంటే శుక్రవారం రాత్రి ఎవరి పుస్తకమో చూసి దింపారన్నమాట. ట్యూటర్ వర్క్‌బుక్ పక్కన పెట్టించి "నీ మాటల్లో చెప్పు" అనకపోతే ఇది ఆగదు.

హాస్టల్ కాలేజీ జబ్బులు వేరు. ఉన్న ఇద్దరు ముగ్గురు అధ్యాపకులే పాత నిబంధన, సంఘ చరిత్ర, ప్రసంగ శాస్త్రం, ఇంగ్లీషు అన్నీ చెప్పాల్సి వస్తే చివరికి నోట్స్ చెప్పి రాయించడమే మిగులుతుంది. మూడేళ్లకు నాలుగు లావుపాటి నోట్‌బుక్కులొస్తాయి గాని, వాటిలో లేని వాక్యభాగం ఎదురైతే పిల్లవాడు చేతులెత్తేస్తాడు. ఇంకోటి భాష. "సమర్పించుకొనుడి", "యొక్క" అనే గ్రంథ భాష నోటికెక్కి ఊరికొస్తే ముసలమ్మలు తలూపుతారు గాని లోపలికి పోదు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పనిచేయాలనుకునేవాడికి లంబాడీ మాట రాకపోతే మరీ కష్టం. సిలబస్‌లో అది మామూలుగా కనిపించదు.

డబ్బు విషయం. "భోజనం, వసతి ఉచితం" అంటే ఎవరు పెడుతున్నారో అడగండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణతో, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు మళ్లించడం నిషేధం. పెద్ద సంస్థ పంచే డబ్బుతో నడిచిన చిన్న హాస్టళ్లకు అది గట్టి దెబ్బ. ఇక్కడి సంఘాలు నెలనెలా బియ్యమో డబ్బో పంపే కాలేజీ అయితే, నెలకు ఎంతో కొంత మెస్ ఫీజు కట్టించుకున్నా నమ్మకంగా చేరవచ్చు. మధ్యలో మూతపడే భయం తక్కువ.

సర్టిఫికెట్ గురించి రెండు ముక్కలు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) లాంటి సంఘాల్లో గురువుగా అభిషేకం పొందాలనుకుంటే సాధారణంగా బెంగాల్‌లోని సీరాంపూర్ కాలేజీ పేరు మీద ఇచ్చే బి.డి. అనే వేదాంత డిగ్రీ అడుగుతారు. సీరాంపూర్ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం 1827 నాటి డెన్మార్క్ రాజు చార్టరుతో వచ్చింది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఆ డిగ్రీలు నడిపే దాని సెనేట్‌కు అనుబంధం. ఆ దారి పట్టేవాడు చిన్న కాలేజీలో మూడేళ్లు గడిపి తర్వాత బాధపడేకన్నా, ముందే అక్కడ అర్హతలు కనుక్కోవడం మంచిది. స్వతంత్ర సంఘమైతే బి.డి. అక్కర్లేదు. ఇక ఎన్ని సర్టిఫికెట్లున్నా వాటితో పెళ్లి చేసే హక్కు రాదు. స్వతంత్ర సంఘ సేవకులు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు విడిగా తీసుకోవాలి. డబ్బు కడితే ఇచ్చే గౌరవ డాక్టరేట్ల గురించి మాట్లాడటం కూడా దండగ.

ఇంతకీ ఏది మేలంటే, పెళ్లి కాని, ఇంటి బరువు లేని, పాతికేళ్ల లోపు వాళ్లకు హాస్టలే. ఆ వయసులో దిద్దించుకున్నది నిలుస్తుంది. ఇప్పటికే సంఘం ఉన్నవాళ్లు మాత్రం దాన్ని మూడేళ్లు వదిలి వెళ్లకూడదు, తిరిగొచ్చేసరికి మంద చెదిరిపోతుంది. వాళ్లకు ఎక్స్‌టెన్షనే సరి. ఇంటిపని, పిల్లల బడి మధ్య చదవాల్సిన స్త్రీలకూ అదే అందుతుంది, క్లాసు సాయంత్రం బస్సుకు ముందే ముగిస్తే. పోస్టు పాఠాలు హాస్టల్లో చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆరు నెలలు వాడుకోండి. వారానికో పాఠం ఎవరూ అడగకుండా పూర్తిచేయలేని పిల్లవాడు హాస్టల్లోనూ నెట్టుకురాలేడు.

హాస్టల్ అనే నిర్ణయించుకుంటే గ్రాడ్యుయేషన్ రోజున కాకుండా మామూలు మంగళవారం వెళ్లండి. క్లాసులో పిల్లల ముందు తెరిచి ఉన్నది బైబిలా, నోట్‌బుక్కా చూడండి. లైబ్రరీలో పుస్తకాలిచ్చే రిజిస్టరు అడిగి చివరి తేదీ చదవండి. రెండో ఏడాది విద్యార్థి అవుట్‌లైన్ ఒకటి చేతిలోకి తీసుకుని, దానిమీద ఎర్ర ఇంకు ఎంత ఉందో చూడండి. ఏమీ లేకపోతే తిరుగు బస్సు ఎక్కేయండి.