జాగ్రత్త: టచ్ ఉన్నంత మాత్రాన ఆ లాప్‌టాప్ మీద పెన్ను రాయదు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే మాస్టార్లు టచ్ లాప్‌టాప్ కొనే ముందు ఇది చదవండి.

నేను పర్లాకిమిడిలో టెన్త్, ప్లస్ టూ పిల్లలకి ట్యూషన్ చెప్తాను. బోర్డు మీద రాసినట్టే తెర మీద రాద్దామని బరంపురంలో ఒక షాపుకి వెళ్లాను. టచ్ లేని అదే మోడల్ కన్నా 8,000 ఎక్కువ. ‘పెన్నుతో రాయొచ్చా బాబూ’ అని రెండుసార్లు అడిగాను. ‘ఏ పెన్నైనా రాస్తాది మాస్టారూ’ అని సొరుగులోంచి రబ్బరు మొన పెన్ను తీసి గీత గీసి చూపించాడు. గీత పడింది. నేనూ పడ్డాను.

ఇంటికొచ్చి ఇంటిగ్రల్ వేసి కింద లిమిట్ రాయబోతే సున్నా చింతగింజంత వచ్చింది. అరచెయ్యి తెరకి ఆనితే అక్కడా గీతలే. చెయ్యి గాల్లో పెట్టి గంట క్లాసు చెప్పేసరికి భుజం లాగేసింది. 360 డిగ్రీలు మడిచే రకం కూడా కాదు, తాకినప్పుడల్లా తెర వెనక్కి ఊగడమే.

తర్వాత తెలిసింది, రబ్బరు మొన వేలికి బదులు మాత్రమేనని. ఒత్తిడిని బట్టి సన్నగా లావుగా రాయాలన్నా, అరచేతిని పట్టించుకోకుండా ఉండాలన్నా యాక్టివ్ పెన్ను (లోపల ఎలక్ట్రానిక్స్ ఉండి తెరతో మాట్లాడే పెన్ను) కావాలి, తెర దానికి సిద్ధంగా ఉండాలి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ‘పెన్ అండ్ టచ్’ అని ఒక వరుస ఉంటుంది. నా దాంట్లో ‘టచ్ సపోర్ట్ విత్ 10 టచ్ పాయింట్స్’ అని ఉంది, అంతే. పెన్ను తీసుకునేదైతే ‘పెన్ అండ్ టచ్ సపోర్ట్’ అని ఉంటుంది. డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర చూడండి. ఏ పెన్ను అన్నదీ అడగండి: మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్, వాకమ్ ఏఈఎస్, యూఎస్ఐ అని పెన్ను, తెర మాట్లాడుకునే పద్ధతులు వేర్వేరు, ఒకదాని పెన్ను ఇంకోదాని మీద రాయకపోవచ్చు.

ఇంకో గొడవ. చార్జర్ పెట్టగానే తెరకి పూనకం వచ్చేది, ఎవరూ ముట్టకుండానే బటన్లు నొక్కుకునేది. మాది పాత ఇల్లు, ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. ఎర్త్ ఉన్న సాకెట్‌కి మార్చాక తగ్గింది.

షాపుకి తిరిగి వెళ్తే ‘టచ్ పనిచేస్తోంది కదా, డిఫెక్ట్ ఏటుంది’ అన్నాడు. బిల్లు మీద పెన్ను ఊసే లేదు, నేనేం చూపించను? మీరు మాత్రం బిల్లు మీద రాయించుకోండి. ఆనక మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

టైపింగ్‌కి, లెక్కల పద్దులకి అయితే టచ్ జోలికే పోవద్దు. మా బావమరిది రైస్ మిల్లులో ట్యాలీ వేస్తాడు, టచ్ తెర కొని ఆర్నెల్లయింది, దుమ్ము తుడవడానికే ముట్టాడు. బొమ్మలు గీసేవాళ్లకి, మడిచి చేతిలో పెట్టుకుని పీడీఎఫ్‌లు దిద్దేవాళ్లకి మంచిదే, పెన్ను కుదిరితే.

నేను చివరికి చిన్న యూఎస్‌బీ పెన్ టాబ్లెట్ (లాప్‌టాప్‌కి తగిలించి పెన్నుతో రాసే పలక) తెప్పించుకుని బల్ల మీద పెట్టి రాస్తున్నాను. లాప్‌టాప్‌లో టచ్ అంటారా, డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఆపేశాను.