కంపెనీ కత్తెరా, సర్కారు కత్తెరా: ఏది మేలు?

దసరా రాత్రి దేవరగట్టులో బన్ని ఉత్సవం. కర్రలు తగిలి తలలు పగలడం కర్నూలు జిల్లా వాళ్లకు ఏటా చూసేదే. ఆలూరు కుర్రాడెవరైనా ఆ వీడియోను ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో పెడితే 'హింసాత్మక దృశ్యాలు' అని తెల్లారేసరికి మాయమైపోవచ్చు. అది ఆ సోషల్ మీడియా కంపెనీ వేసిన కత్తెర. అదే కుర్రాడు ఇసుక లారీల మీద పోస్టు పెట్టాడనుకోండి. 'చట్టపరమైన అభ్యర్థన మేరకు మీ దేశంలో కనిపించదు' అని వస్తే, తీయించింది సర్కారో కోర్టో అయ్యుంటుంది.

కంపెనీ మెషీన్‌కు నెత్తురు కనిపిస్తుంది గానీ ఆ ఉత్సవ దేవుడు మాళ మల్లేశ్వరస్వామి కనిపించడు. ఎందుకు తీశారంటే ఒక్క ముక్కలో జవాబు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను అడగొచ్చు, అక్కడా తేలకపోతే ఆ నిర్ణయంపై అప్పీళ్లు వినడానికి 2023లో వేసిన అప్పిలేట్ కమిటీలకు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టొచ్చు. ఆ కమిటీలను వేసేది మళ్లీ కేంద్రమే!

సర్కారు వైపు కాగితం మీద అంతా పద్ధతిగానే ఉంటుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలో ఆన్‌లైన్ రాతలకు జైలు వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది, పోస్టుల్ని బ్లాక్ చేయించే అధికారం కేంద్రానికిచ్చే 69ఎను మాత్రం ఉంచింది. బ్లాక్ చేయడానికి కారణాలు రాతలో ఉండాలి, వాటిమీద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకోవచ్చు అంది. కానీ ఈ 69ఎ అమలుకు పెట్టిన 2009 నియమాల్లో 16వది ఆ వ్యవహారమంతా గోప్యం అంటుంది. ఆర్డర్ కాపీయే చేతికి రాకపోతే రిట్ దేనిమీద వేయాలి? వేసినా, ఆదోని నుంచి అమరావతి హైకోర్టు దాకా తిరగాలి.

ఈ రెంటికంటే చెడ్డది ఇద్దరూ కలిసి చేసేది. సర్కారు నోటీసు అందాక పోస్టు తీయకపోతే అదే ఐటీ చట్టం 79(3)(బి) కింద, జనం పెట్టే పోస్టులకు బాధ్యత తనది కాదనే చట్టరక్షణ కంపెనీకి పోతుంది. మన పోస్టు కోసం అంత రిస్కు ఎవరు తీసుకుంటారు? ఇలాంటి నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌పై ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కంపెనీ కత్తెరే అంటాను, దానిమీద ప్రేమతో కాదు. ఒకచోట తీసేస్తే ఇంకోచోట పెట్టుకుంటాం. సర్కారు తలుచుకుంటే ఆ ఇంకోచోటు కూడా ఉండదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ సహా 59 యాప్‌లను ఒక్క ప్రకటనతో నిషేధించారు. పైగా కంపెనీ అకౌంట్ మూసేస్తుందే గానీ స్టేషన్‌కు పిలిపించదు.

మీ పోస్టు పోతే ముందు ఆ నోటీసును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తీయమన్నదెవరో చెప్పమని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి.