ఐసు ఫ్యాక్టరీ మీద సోలార్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరికీ, ఆకివీడుకీ మధ్యలో ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల పట్టుబడులకి, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టేటప్పటికి, ఐసు దిమ్మలు పోస్తాం. 2021 చివర్లో షెడ్డు మీద 100 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. పెట్టినవాళ్లు ప్యానెళ్లు బిగించి వెళ్లిపోయే రకం కాదు. ఫ్యాక్టరీ కరెంటు వాడకం కూడా గమనించి తగ్గించి చూపిస్తామన్న కంపెనీ. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

అందరూ ముందు అడిగేది బిల్లు గురించే. రోజుకి సగటున 400 యూనిట్లు వస్తాయన్నారు, ఏడాది మొత్తం మీద దాదాపు అంతే వస్తున్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. మేలో ఎండ మండిపోతుంది కదా, ఇంకా ఎక్కువ రావాలి అనుకుంటారు, రాదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర లెక్కకట్టినవి. అక్కణ్ణుంచి ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ 0.3 నుంచి 0.4 శాతం పోతూ ఉంటుంది. ఇక జూలై, ఆగస్టు ముసురులో సగం కూడా రాని రోజులుంటాయి.

అయితే రెండు కాంప్రెసర్లూ నడిచే రోజున మాకు 3,000 యూనిట్లు కాలుతాయి. అందులో 400 అంటే ఏడో వంతు కూడా కాదు. ‘బిల్లు సున్నా’ అన్న మాట ఇళ్లకి చెల్లుతుందేమో, ఫ్యాక్టరీకి చెల్లదు. పీఎం సూర్యఘర్ పథకం కింద గరిష్టంగా ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఇళ్లకే. వ్యాపారానికి దక్కేది ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల (డిప్రిసియేషన్). అది మీ ఆడిటర్ చూసుకుంటారు.

మా పెట్టుబడి సుమారు 45 లక్షలు. పాత సిమెంటు రేకులు ఆ బరువు మొయ్యవని తీసేసి కొత్త రేకులు వేయించిన ఖర్చు అదనం, కొటేషన్‌లో దాని ఊసే లేదు. మూడున్నరేళ్లలో డబ్బు వెనక్కి వస్తుందన్నారు. ఇప్పుడున్న లెక్క ప్రకారం ఐదేళ్లు దాటేలా ఉంది. కారణం రేటు. మాలాంటి హెచ్‌టీ (హై టెన్షన్, పెద్ద వాడకం) కనెక్షన్లకి గంటల వారీ రేట్లు ఉన్నాయి. కరెంటుకి గిరాకీ ఎక్కువుండే నెలల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఎక్కువ, పగలు 10 నుంచి 3 దాకా తక్కువ. సోలార్ బాగా వచ్చేది సరిగ్గా ఆ చౌక గంటల్లోనే! అంటే మా ప్యానెళ్లు మిగిల్చేది చౌక యూనిట్లని. మీకు ఇచ్చే కొటేషన్‌లో ఆదా ఏ రేటు మీద వేశారో అడగండి. సగటు రేటు మీద వేసి ఉంటే ఆ కాగితం తిరిగి ఇచ్చేయండి.

మొదటి నెలల్లో ఇంకో తలనొప్పి ఉండేది. యాప్‌లో సోలార్ యూనిట్లు ఘనంగా కనిపించేవి, బిల్లులో అంత తగ్గేది కాదు. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే అసలు పవర్, రియాక్టివ్ పవర్ రెండూ కలిసిన లెక్క మీద వస్తుంది. మోటార్లకి కావాల్సిన అసలు పవర్‌లో కొంత సోలార్ ఇస్తుంది గానీ రియాక్టివ్ పవర్ (మోటార్ల లోపల అయస్కాంతం పుట్టడానికి పోయేది) మాత్రం ఎప్పట్లాగే లైన్ నుంచే లాగుతాం. దాంతో మధ్యాహ్నం పూట మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ (లాగిన మొత్తంలో అసలు పవర్ వాటా) పడిపోయి, మిగలాల్సింది మిగలదు. ఆ రియాక్టివ్ పవర్‌ని ఇక్కడే ఇవ్వడానికి కెపాసిటర్లు ఉంటాయి. కంపెనీవాళ్లు ‘మీ కెపాసిటర్లు పాతవండీ’ అని తేల్చేశారు. చివరికి భీమవరం నుంచి మా పాత ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే తేలిందేంటంటే, కెపాసిటర్ ప్యానెల్‌కి కొలత ఇచ్చే సీటీ (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్) సోలార్ కలిసే చోటుకి ఇవతల, మోటార్ల వైపు ఉంది. దానికి లైన్‌లో ఏం జరుగుతోందో కనపడదు. దాన్ని మెయిన్ ఇన్‌కమర్ (లైన్ లోపలికొచ్చే చోటు) మీదికి మార్చాడు, ఆ తర్వాతి నెల నుంచి బిల్లు దారికొచ్చింది. చిన్న పని. సోలార్ పెట్టిన రోజే చేయాల్సింది.

ఇక మెచ్చుకోవాల్సింది మీటర్ల సంగతి. రెండు కాంప్రెసర్లకీ, నీళ్ల పంపులకీ విడివిడిగా మీటర్లు పెట్టి, ఫోన్‌లో కనిపించేలా చేశారు. నెలకోసారి వాళ్ల ఇంజనీరు కుర్రాడు కూర్చుని ఆ గీతలు చూపిస్తాడు. రెండో కాంప్రెసర్ అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతోందని అతనే పట్టుకున్నాడు. విప్పి చూస్తే కండెన్సర్ గొట్టాల్లో ఉప్పు బోరు నీళ్ల గార గట్టిపడిపోయి ఉంది, అమ్మోనియా లైన్‌లో గాలి కూడా చేరింది. గొట్టాలు కడిగించి గాలి వదిలిస్తే రీడింగు వెంటనే దిగింది. పెట్టిన ఖర్చుతో పోలిస్తే మాకు ఎక్కువ మిగిల్చింది ఇదే, ప్యానెళ్లు కాదు.

రెండోది దిమ్మల డబ్బాలు దించే ఉప్పునీళ్ల ట్యాంకు. పగలు 10 నుంచి రెండు కాంప్రెసర్లూ నడిపి ట్యాంకుని మామూలు కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబరిస్తే, సాయంత్రం పీక్ గంటల్లో ఒకదాన్ని ఆపేయొచ్చన్నారు. మా ఆపరేటర్ ఒప్పుకోలేదు. ‘రాత్రి ఆపేస్తే దిమ్మ లోపల డొల్ల ఉండిపోద్దండి, ఆయ్’ అన్నాడు. అతను చెప్పినట్టే తెల్లవారుజామున తీసిన దిమ్మలు కొన్ని డొల్లగా వచ్చాయి. డబ్బాలు నింపే వేళ ముందుకు జరిపాక సర్దుకుంది. పట్టుబడులు జోరుగా ఉన్న వారాల్లో మాత్రం ఈ పద్ధతి నడవదు. వ్యాన్లు గేటు దగ్గర నిలబడి ఉంటే పీక్ గంటలని ఎవడు చూస్తాడు? ఈమధ్య బ్యాటరీలు కూడా పెట్టుకోమంటున్నారు. ట్యాంకు ఉన్నంత కాలం మాకు వేరే బ్యాటరీ ఎందుకు?

కడగడం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. చుట్టూ చెరువులు, పక్కనే కొల్లేరు. కొంగలు, నీటికాకులు ప్యానెళ్ల మీద వాలి తెల్లగా పూత పూస్తాయి. వానకి పోదు. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు మరక మిగులుతుంది, కాలువ నీళ్లు కావాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే ట్యాంకరు కొనుక్కోవాలి. కంపెనీ మెయింటెనెన్స్ ఒప్పందంలో మనిషి వాళ్ల తరఫు, నీళ్లు మనవి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను మా షెడ్డు కుర్రాళ్లకే పని అప్పజెప్పాను, పొద్దున ఎండ ఎక్కకముందే కడిగేస్తారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటినప్పుడు చాలా టెన్షన్ పడ్డాం. అంచు వరుసలో క్లాంపులు వదులై రెండు ప్యానెళ్లు లేచాయి, మిగతావి నిలబడ్డాయి. స్ట్రక్చర్‌ని ఎంత గాలికి లెక్కకట్టారో కాగితం మీద రాయించుకోండి, ఇన్సూరెన్స్‌లో ప్యానెళ్లు కూడా చేర్పించుకోండి. ఎండ వచ్చాక లైన్‌లో కరెంటు లేకపోయేసరికి మా సోలార్ కూడా పని చేయలేదు. లైన్‌మెన్‌కి షాకు కొట్టకుండా గ్రిడ్ పోతే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. జనరేటర్‌తో కలిపి నడవాలంటే వేరే కంట్రోలర్ ఉండాలి. మాకు ఆ తర్వాత పెట్టారు, డబ్బు విడిగా తీసుకుని.

చెరువుల వాళ్లు కొందరు మా షెడ్డు చూసి మమ్మల్నీ పెట్టుకోమంటారా అని అడుగుతున్నారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి రాయితీ కింద యూనిట్ రూపాయిన్నరకి వస్తుంటే మీకు ఇది గిట్టదు బాబూ అని చెప్తున్నాను. పూర్తి రేటు కట్టే రైసుమిల్లు, కోల్డ్ స్టోరేజీ వాళ్లయితే ముందు ఒక ఏడాది బిల్లులు, గంటల వారీ వాడకం దగ్గర పెట్టుకుని కూర్చోండి. మిల్లు సీజన్లోనే ఆడుతుంటే మిగతా నెలల్లో ఆ యూనిట్లు ఏమవుతాయో, నెట్ మీటరింగ్‌లో (మిగిలిన యూనిట్లు లైన్‌లోకి పంపే పద్ధతిలో) వాటికి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి.

మా కంపెనీవాళ్లు పక్క షెడ్డు మీద ఇంకో 50 కిలోవాట్లు వేయమని తిరుగుతున్నారు. 2025 సెప్టెంబరులో సోలార్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడే మంచి సమయం అంటున్నారు. మీటర్ల సేవ మాత్రం ఇంకో ఏడాదికి పొడిగించాను. ప్యానెళ్ల సంగతి పగటి రేటు మీద లెక్క కట్టి తెచ్చాక చూస్తానన్నాను, ఇంకా తేలేదు.