నెల్లూరు షేరింగ్ హాస్టళ్లు: కాకుటూరు పోయే పిల్లలకు ఐదుకు మూడు మార్కులు

విక్రమ సింహపురి యూనివర్సిటీ హాస్టల్లో సీటు రాకపోతే నెల్లూరులో షేరింగ్ హాస్టలే దిక్కు. ఊళ్లో వీటికి కొదవలేదు. వైఫై, గీజరు, ఆర్వో వాటర్, హోమ్లీ ఫుడ్... ఏ గేటు ముందు ఫ్లెక్సీ చూసినా ఇవే నాలుగు ముక్కలు. తలదాచుకోను, కడుపు నిండను ఇవి పనికొస్తాయి కాబట్టి ఐదుకు మూడు మార్కులు వేయొచ్చు. మిగతా రెండూ పోయేది రేటు దగ్గర కాదు, బాత్రూమ్ దగ్గరా తాళం దగ్గరా.

ముందు ఏరియా సంగతి. క్యాంపస్ ఊరికి దక్షిణాన కాకుటూరులో, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. మాగుంట లేఅవుట్‌లో గదులు నీటుగానే ఉంటాయి గానీ పొద్దున్నే బస్సు కోసం ఆటో ఎక్కాలి. వేదాయపాళెం, అయ్యప్పగుడి వైపు చూసుకుంటే గూడూరు వైపు పోయే పల్లెవెలుగు దగ్గరలోనే దొరుకుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో చార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మగపిల్లలు బస్ పాస్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోవాలి.

గదిలోకి వెళ్లగానే మంచాలు లెక్కపెట్టండి. పదికి పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. ఆరుకు మూడు అడుగుల మంచాలు నాలుగేస్తే 72 పోయి, నడవడానికీ బీరువాలకీ 48 మిగులుతాయి. అందులో చదువుకునే టేబుల్ పట్టదు. త్రీ షేరింగ్ అని చెప్పి నాలుగో మంచం తర్వాత తెచ్చి వేసే అలవాటు కొందరికి ఉంది, కాబట్టి రసీదు మీద షేరింగ్ ఎంతో రాయించుకోండి. పరుపు ఎత్తి కుట్ల వెంట, ఇనుప మంచం మూలల్లో చూడండి. పెన్ను సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలుంటే నల్లులున్నట్టే. మందు కొట్టిస్తాం అంటారు. ఒక్క గదికి కొడితే పక్క గదిలోకి పోయి మళ్లీ వస్తాయి, ఫ్లోర్ మొత్తానికీ కొట్టాలి.

ఇక బాత్రూమ్. మనిషికి పావుగంట వేసుకున్నా ఆరుగురికి ఒకటే ఉంటే గంటన్నర. ఎనిమిదిన్నర బస్సు పట్టుకోవాలంటే మొదటివాడు ఏడింటికి ముందే లేవాలి. ఒక బాత్రూమ్‌కు ముగ్గురు దాటితే ఆ హాస్టల్ ఎంత చవకైనా వద్దు. చూడ్డానికి సాయంత్రం కాదు, పొద్దున ఏడింటికి వెళ్లండి, పై అంతస్తు కుళాయి తిప్పి చూడండి.

తాగే నీళ్లకు ఓ చిన్న టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించేది) జేబులో వేసుకుని వెళ్లండి. బోరు నీళ్లూ ఆర్వో నీళ్లూ రెండూ కొలవాలి. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే లోపల నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పోయినట్టే, మెషిన్ ఉన్నా లేనట్టే. కనిగిరి వైపు నుంచి వచ్చే పిల్లలకు ఫ్లోరైడ్ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో సంపు చూడాలి. సంపు మూత రోడ్డుకన్నా కిందికి ఉంటే మురుగంతా అందులోకే. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు ఇంటికి ఎక్కడిదాకా నీళ్లొచ్చాయో చుట్టుపక్కలవాళ్లను అడిగితే చెబుతారు, ఓనర్ని అడగడం దండగ.

భోజనం పర్వాలేదు. మొలగొలుకుల బియ్యం పండించిన జిల్లాలో మెస్సులో స్టీమ్ రైస్ తినాల్సి రావడం మన ఖర్మ. చేపల పులుసు మీద ఆశ పెట్టుకోవద్దు. గట్టిగా అడగాల్సింది మధ్యాహ్నం క్యారియర్ గురించి. వంట పదకొండింటికి అయ్యే మెస్సులో కాకుటూరు పిల్లలకు మధ్యాహ్నం అన్నం ఉండదు, డబ్బులు మాత్రం మూడు పూటలకీ కట్టాలి. ఎనిమిదికల్లా డబ్బా కట్టిస్తారా లేదా అని వంటవాళ్లనే అడగండి.

లేడీస్ హాస్టళ్లలో రాత్రి గ్రిల్‌కు తాళం వేస్తారు. వేయడం తప్పు కాదు, తాళంచెవి వార్డెన్ ఇంటికి పట్టుకెళ్లడం తప్పు. కింద సెల్లార్లో గ్యాస్ సిలిండర్లు, పైకి ఒకటే మెట్లదారి, డాబా తలుపుకూ తాళం, ఈ మూడూ కలిసిన బిల్డింగ్‌లో చేరొద్దు. వేరే మాట లేదు.

ఏసీ గదికి సబ్‌మీటర్ ఉంటుంది. టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు పది యూనిట్లు, నెలకు 300. యూనిట్‌కు పది రూపాయలు వేస్తే 3,000, ముగ్గురికి తలా వెయ్యి. చేరినరోజే రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి.

బిల్లులో జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. నెలకు మనిషికి 20,000 లోపు ఉండి, వరసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే పన్ను లేదని 2024లోనే మినహాయింపు ఇచ్చారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడ్వాన్సు కింద పెట్టమంటే లేచి వచ్చేయండి. మెయింటెనెన్స్ పేరుతో అడ్వాన్సులో ఎంత కోస్తారో, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, మే నెల సెలవులకు సగం అద్దెనా పూర్తి అద్దెనా... ఈ మూడూ డబ్బు కట్టకముందే ఓనర్‌ నంబరు నుంచి వాట్సాప్‌లో పెట్టించుకోండి.