పెరటి చిక్కుడుకు బూడిదా, వేపగింజల కషాయమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిన పెరడున్న ఇళ్లన్నింటా చిక్కుడు పందిరి కనిపిస్తుంది. మార్గశిరంలో పూత పడే వేళకు లేత కొనలను నల్లని పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, కమ్మేస్తుంది. గోడకు అటువైపు నుంచి ఒడియా మావుసీ (పిన్ని) బూడిద చల్లమంటుంది. పాతపట్నం నుంచి వచ్చిన మా అత్తయ్య వేపగింజలు నానబెట్టమంటుంది. ఏళ్ల తరబడి రెండూ వాడాక నాకు తేలింది చెబుతున్నాను.

బూడిదకు ఖర్చు లేదు, ఫలితం త్వరగా కనిపిస్తుంది. తెల్లవారుజామున ఆకు మీద మంచు తడి ఉన్నప్పుడు పలుచని గుడ్డలో మూటకట్టి దులిపితే చక్కగా అంటుకుంటుంది. బీర, గుమ్మడి మొక్కలు రెండాకుల మీద ఉన్నప్పుడు ఎర్ర పెంకు పురుగు జల్లెడలా కొరికేస్తుంది చూడండి, అక్కడ బూడిదే మేలు. మొక్క చిన్నది, కాపాడవలసినది రెండు మూడు వారాలే. అయితే ఒక్క జల్లు పడితే అంతా కొట్టుకుపోతుంది. మహేంద్రతనయ నది పొంగే వానకాలంలో దాన్ని నమ్ముకోవడం వృథా. పైగా ఇంటింటా గ్యాస్ వచ్చాక కట్టెల బూడిద దొరకడమే కష్టమైంది. టిఫిన్ హోటల్ నుంచి తెచ్చుకునేటప్పుడు అది బొగ్గుపొయ్యిదో, కట్టెలదో అడగండి. రాక్షసిబొగ్గు బూడిద కూరమొక్కల మీద వేయకూడదు. కట్టెల బూడిదైనా అతిగా వేస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది.

కషాయానికి ఓపిక కావాలి. ఎండాకాలం చివర రాలిన వేపపళ్లను గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి దాచుకోవాలి. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు చొప్పున దంచి, గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి పిండాలి. ఆకును అంటుకోవడానికి కాస్త కుంకుడు రసం కలిపి, అదే రోజు సాయంత్రం ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టాలి. ఎండ తగిలితే వేపలో పురుగుమీద పనిచేసే పదార్థమైన అజాడిరక్టిన్ విరిగిపోతుంది కనుక పగలు కొట్టవద్దు. పురుగు వెంటనే చావదు. మేత మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది. మర్నాడే చూసి పనిచేయలేదని వదిలేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. నాలుగైదు రోజులు ఆగి, వారానికి మళ్లీ కొట్టాలి.

పెరడంతటికీ ఒక్కటే ఎంచుకోమంటే నేను కషాయమే అంటాను. పేనుబంకకూ, తెల్లదోమకూ, ఆకు తినే చిన్న పురుగులకూ అన్నింటికీ అది అక్కరకు వస్తుంది. చలికాలం పొడి రోజుల్లో కొనలకే పరిమితమైన పేనుబంకకు మావుసీ మాటే సరి. ఏది వాడినా ముందు పందిరికి ఎక్కే చీమల బారును ఆపాలి. పేనుబంక విసర్జించే తీపి ద్రవం కోసం చీమలే దాన్ని కాపలా కాస్తాయి. కొనల మీద అక్షింతల పురుగులు గాని, ముళ్ల ముళ్లగా ఉండే వాటి పిల్లలు గాని కనిపిస్తే రెండు రోజులు ఏమీ చల్లకండి. ఆ పిల్లలను చీడ అనుకుని నలిపేస్తుంటారు. పేనుబంకను ఎక్కువగా తినేది అవే.

వంగ కొనలోకి, కాయలోకి దూరే పురుగుకు మాత్రం రెండూ పనికిరావు. వాలిన కొనను కనబడిన రోజే పురుగుతో సహా కత్తిరించి, సబ్బునీటిలో ముంచాలి.